జేబులో టైప్‌రైటర్: ఒక బ్యాడ్జీ చెప్పే కథ

పంజాగుట్టలో మెట్రో ఎక్కితే అమీర్‌పేట్ ఒక్క స్టేషనే. ఆ కాస్త దూరంలోనే ఎంతమంది మెడలో ట్యాగులు, భుజాన కంపెనీ పేరున్న బ్యాగులు కనిపిస్తాయో ఒకసారి చూడండి. ఫ్రీగా ఇచ్చారని మనం వేసుకుంటాం, వాళ్లకేమో ప్రచారం అయిపోతుంది. ఈ ఐడియా ఐటీ వాళ్లది అనుకుంటున్నారా? వందేళ్ల కిందటే టైప్‌రైటర్ కంపెనీలు దీన్ని వాడేశాయి.

చొక్కాకి గుచ్చుకునే గుండ్రటి బటన్ బ్యాడ్జీకి అమెరికాలో 1896లో పేటెంట్ వచ్చింది. రేకు మీద బొమ్మ ఉన్న కాగితం, దాని మీద పల్చటి సెల్యులాయిడ్ పొర, వెనక పిన్ను. అంతే. చాలా చౌక. ఆ ఏడాది అధ్యక్ష ఎన్నికల్లో తెగ పంచారు. తర్వాత వ్యాపారులంతా అందుకున్నారు.

టైప్‌రైటర్ కంపెనీలు ఇంకో అడుగు ముందుకేశాయి. అండర్‌వుడ్, రెమింగ్టన్ లాంటివి టైపింగ్ నేర్చుకునే స్టూడెంట్స్‌కి స్పీడును బట్టి పిన్నులు, మెడల్స్ ఇచ్చేవి. ఎందుకంటే ఏ మెషిన్ మీద వేళ్లు అలవాటు పడతాయో, రేపు ఆఫీసులో అదే కొనమని అడుగుతారు. ఇప్పుడు స్టూడెంట్స్‌కి సాఫ్ట్‌వేర్ లైసెన్స్ ఫ్రీగా ఇస్తారు కదా, సేమ్ లాజిక్! 1923లో ఆల్బర్ట్ టంగోరా అనే ఆయన అండర్‌వుడ్ మీద గంటసేపు ఆపకుండా నిమిషానికి 147 పదాల చొప్పున కొట్టాడు. కంపెనీకి అంతకంటే మంచి యాడ్ ఏముంటుంది?

అయితే ఆ మెషిన్లు బరువు. టేబుల్ మీద పెడితే అక్కడే. అందుకే పోర్టబుల్స్ వచ్చాయి. 1912లో వచ్చిన కరోనా 3 మడతపెట్టుకునే మెషిన్, బరువు మూడు కిలోల లోపే. కాకపోతే కీలు మూడు వరుసలే. పెద్ద మెషిన్ మీద నేర్చుకున్న వేళ్లు దాని మీద తడబడతాయి. 1920లో రెమింగ్టన్ నాలుగు వరుసల పోర్టబుల్ తెచ్చాక ఆ ఇబ్బంది తీరింది. 1950లో ఇటలీ నుంచి ఒలివెట్టి లెటెరా 22 వచ్చింది. ఇలా రాసే మెషిన్ ఆఫీసు దాటి సొంత ఇంటికి చేరింది.

మరి మన దగ్గర? 1955లో గోద్రెజ్ మన దేశంలోనే టైప్‌రైటర్ తయారుచేసింది. కానీ మామూలు ఇంట్లో మెషిన్ కొనడం పెద్ద విషయం. అందుకే గల్లీ గల్లీకీ టైప్ ఇన్‌స్టిట్యూట్ వెలిసింది. రోజుకో గంట, నెలకింత ఫీజు. మొదటి పాఠం మీ నాన్ననో పెద్దమ్మనో అడగండి: ‘ఏ ఎస్ డీ ఎఫ్ జీ ఎఫ్’. లోయర్‌కి నిమిషానికి 30 పదాలు, హయ్యర్‌కి 45. మెషిన్ ఇన్‌స్టిట్యూట్‌లోనే ఉంటుంది, మనతో ఇంటికొచ్చేది సర్టిఫికెట్ ఒక్కటే. ఆ కాగితమే మనవాళ్ల బ్యాడ్జీ.

వై2కే టైమ్‌లో, 1998లో సైబర్ టవర్స్ వచ్చాక, అమీర్‌పేట్ ఇదే పద్ధతిని పట్టుకుంది. ఇంట్లో కంప్యూటర్ లేదు, ఫీజు కట్టి ల్యాబ్‌లో గంటలు కొనుక్కోవాలి. టైపింగ్ పోయి జావా, ఒరాకిల్ వచ్చాయి, అంతే తేడా. స్కిల్ మనది, మెషిన్ వేరేవాళ్లది.

ఇక తెలుగు సంగతి. టైప్‌రైటర్‌లో షిఫ్ట్‌తో కలిపి 90 చుట్టూ గుర్తులు పడతాయి. మనకేమో 36 హల్లులకు గుణింతాలు వేస్తేనే 400 దాటుతాయి, వత్తులు ఇంకా లెక్కలోకే రాలేదు. అందుకని అక్షరాన్ని ముక్కలు చేశారు: తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు వేర్వేరుగా. కొన్ని కీలు కొడితే క్యారేజ్ ముందుకు కదలదు, తర్వాతి ముక్క అక్కడే పడుతుంది. ఒక్క అక్షరానికి రెండు మూడు దెబ్బలు! 1966లో తెలుగు అధికార భాష అయింది కదా, కాబట్టి ఆఫీసుల్లో తెలుగు టైపిస్టులు ఈ కష్టాన్నే రోజూ చేతులతో మోశారు.

ఇప్పుడు మీ ఫోన్ చూడండి. 1991లోనే యూనికోడ్‌లో తెలుగుకు చోటు దొరికింది. మొదట్లో ఫోన్లలో డబ్బాలు డబ్బాలుగా కనిపించినా, ఇప్పుడు ‘స్త్రీ’ అని కొడితే ‘స్త్రీ’ అనే వస్తుంది. కరోనా 3 కంటే తేలిక, గంటల లెక్కన ఫీజు లేదు, మెషిన్ కూడా మనదే. తెలుగువాళ్లలో ఇంతమంది చేతికి సొంత రాత మెషిన్ రావడం ఇదే మొదటిసారి.

మరి మనం దాంట్లో ఏం చేస్తున్నాం? ‘ఎక్కడున్నావ్’ని కూడా ఇంగ్లిష్ అక్షరాల్లో కొడుతున్నాం. ఏబీసీడీల మీద వేళ్లను అలవాటు చేసినవాళ్లకి ఆనాటి బ్యాడ్జీలు ఎలా పనిచేస్తాయో బాగా తెలుసు. అలవాటే అసలు మార్కెట్. ఆ అలవాటు మార్చుకోవడానికి ఇప్పుడు ఇన్‌స్టిట్యూట్ అక్కర్లేదు. సెట్టింగ్స్‌లో తెలుగు కీబోర్డ్ ఆన్ చేసి, వారం రోజులు ఇంట్లోవాళ్ల మెసేజ్‌లకి తెలుగులోనే రిప్లై ఇవ్వండి. మొదటి రెండు రోజులు స్లోగానే ఉంటుంది, హయ్యర్ పాసైనవాళ్లు కూడా అలాగే మొదలుపెట్టారు.

ఈ వీడియోకి కామెంట్ మాత్రం తెలుగు అక్షరాల్లోనే పెట్టండి. మీ ఇంట్లో టైప్ లోయర్, హయ్యర్ పాసైనవాళ్లు ఎవరో కూడా చెప్పండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం!