దగ్గు మందుగా వచ్చిన హెరాయిన్

మొన్న ఆస్పిరిన్ చరిత్ర చదువుతుంటే ఒకచోట బుర్ర తిరిగింది. 1897 ఆగస్టులో జర్మనీలోని బేయర్ కంపెనీలో ఫెలిక్స్ హాఫ్‌మన్ ఆస్పిరిన్ తయారుచేశాడు. రెండు వారాలు తిరక్కముందే అతనే హెరాయిన్ కూడా చేశాడు. అవును, ఆ హెరాయినే! 1874లోనే లండన్‌లో ఆల్డర్ రైట్ చేశాడు గానీ, ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

1898 నుంచి బేయర్ దాన్ని దగ్గు మందుగా అమ్మింది. మార్ఫిన్‌లా అలవాటు పడదని చెప్పి మరీ.

అసలు సంగతి ఇక్కడుంది. మార్ఫిన్ అణువుకి రెండు ఎసిటైల్ గ్రూపులు తగిలిస్తే హెరాయిన్. కొవ్వులో బాగా కరుగుతుంది కాబట్టి రక్తంలోంచి మెదడులోకి గబగబా దూరిపోతుంది. తర్వాత శరీరం ఆ రెండిటినీ ఊడబీకేస్తుంది. మిగిలేది? మళ్లీ మార్ఫినే! మా సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో, పాత యాప్‌కే కొత్త ఇన్‌స్టాలర్. ఇవి మెదడులో అతుక్కునే రిసెప్టర్లు ఉన్నాయని రుజువైంది 1973లో. మరి 1898లో అంత ధీమాగా ఎలా చెప్పారు?

1913లో బేయర్ తయారీ ఆపేసింది. 1924లో అమెరికా నిషేధించింది. సరే, అప్పట్లో తెలీదనుకుందాం.

1996లో అదే అమెరికాలో పర్డ్యూ ఫార్మా ఆక్సికాంటిన్ తెచ్చింది. మాత్రలోంచి మందు మెల్లగా విడుదలవుతుంది, అందుకే అలవాటయ్యే ముప్పు తక్కువ అంటూ అమ్మింది. జనం మాత్రని నలిపేశారు. మందంతా ఒక్కసారే బయటికొచ్చింది. ఆ ప్రచారం తప్పుదోవ పట్టించేదేనని 2007లో పర్డ్యూ అనుబంధ కంపెనీ కోర్టులో నేరం ఒప్పుకుంది. ఈసారి రిసెప్టర్ల సంగతి అందరికీ తెలుసు.