హృదయ ధమనులలో నాళికా మార్గము

కోవిల్పట్టి, విరుదునగర ప్రాంతముల నల్లరేగడి భూములలో తెలుగు కుటుంబములు తరతరములుగా వసించుచున్నవి. వారికి నేడు లభించు హృద్రోగ చికిత్స వెనుక దూరదేశముల పరిశోధనయు, ఒక తెలుగు వైద్యుని కృషియు కలవు.

1929లో జర్మనీయందు వెర్నర్ ఫోర్స్‌మన్ తన చేతి సిరనుండి సన్నని గొట్టమును హృదయమువరకు నడపి, ఎక్స్‌రే చిత్రముతో రుజువు పరచెను. 1958లో అమెరికాయందు మేసన్ సోన్స్ హృదయ ధమనిలోనికి యాదృచ్ఛికముగా ద్రవము ప్రవేశింపగా, ధమనీ మార్గమును చిత్రించు పద్ధతిని కనుగొనెను. 1977లో జూరిచ్ నగరమున ఆండ్రియాస్ గ్రూంట్‌జిగ్ చిన్న బెలూనుతో ఇరుకైన ధమనిని విప్పెను. నేటి పద్ధతిలో సన్నని తీగ ముందు సాగి దారి చూపును. బెలూను దానిపై జారును. ఎక్స్‌రే తెరయే వైద్యునికి కన్ను.

విప్పిన ధమని మరల మూసికొనకుండ స్టెంటు అను లోహపు జాలకము వచ్చెను. విదేశీ స్టెంటు వెల సామాన్యునికి అందకుండుటచే, 1990 దశకమున హైదరాబాదులో డాక్టరు సోమరాజు, అబ్దుల్ కలాము కలిసి స్వదేశీ స్టెంటును రూపొందించిరి. కలాము జన్మస్థలమగు రామేశ్వరమును, విరుదునగరమును 1985 వరకు ఒకే రామనాథపురము జిల్లాలోనివి. 2017లో కేంద్రప్రభుత్వము మందుపూత స్టెంటునకు పన్నులు గాక 29,600 రూపాయల గరిష్ఠ ధర విధించెను. 2022లో విరుదునగరమున ప్రభుత్వ వైద్యకళాశాల ప్రారంభమయ్యెను.

వెల తగ్గినను కాలమను సమస్య తీరలేదు. ధమని మూసికొనినచో హృదయ కండరము నిమిషనిమిషమునకు నశించును. కావున పల్లెనుండి చికిత్సాలయమునకు గల దారియు ఈ చరిత్రలో చేరినదే.