ఆంబూ బ్యాగు

పీజీలో ఛాతీ వ్యాధుల సీటు వచ్చిందనగానే మా మేనమామ మొహం మాడ్చుకున్నాడు. ‘‘టీబీ డాక్టరా? నీకు పిల్లనెవరిస్తార్రా?’’ అన్నాడు. (చివరికి ఇచ్చింది ఆయనే, అది వేరే కథ.) మాది మదనపల్లె పక్క పల్లె. ఆరోగ్యవరం పేరెత్తితే మా వైపు పెద్దవాళ్లు గొంతు తగ్గించేవాళ్లు.

అక్కడి టీబీ శానటోరియం 1915 నుంచీ ఉంది. దాన్ని నిలబెట్టింది డెన్మార్క్ డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమాట్-మోలర్. మందుల్లేని రోజులు. పొడి గాలి, మంచి తిండి, నెలల తరబడి మంచం. అదే వైద్యం. స్ట్రెప్టోమైసిన్, ఐసోనియాజిడ్ వచ్చాక కథ మారింది. ఇంటిపట్టున ఉండి మందులు మింగినా శానటోరియంలో ఉన్నట్టే నయమవుతుందని 1959లో మద్రాసు అధ్యయనం తేల్చేసింది. మంచాల అవసరం తగ్గిపోయింది.

మా శాఖలో రెండో సగం, అంటే ఐసీయూ, అదీ డెన్మార్క్ చలవే. 1952లో కోపెన్‌హాగన్ మీద పోలియో విరుచుకుపడింది. ఊపిరాడని రోగుల్లో మొదటి 31 మందిని మిషన్లలో పెడితే 27 మంది పోయారు. మత్తు డాక్టర్ బ్యోర్న్ ఇబ్సెన్ మరో దారి పట్టాడు. గొంతుకు రంధ్రం చేయించి, గొట్టం వేసి, రబ్బరు సంచితో గాలి కొట్టించాడు. సుమారు 1500 మంది వైద్య విద్యార్థులు వంతులేసుకుని రాత్రీపగలూ నొక్కారు.

ఇలా చేత్తో గాలి కొట్టడం పుస్తకంలో చదవకముందే నేను కళ్లారా చూశాను. హౌస్ సర్జన్‌గా ఉన్న ఆసుపత్రిలో వెంటిలేటర్లు రెండే, రెండూ ఖాళీ లేవు. పురుగుమందు తాగిన కుర్రాడికి ట్యూబు వేసి, గాలి కొట్టే సంచి, అదే ఆంబూ బ్యాగు, వాళ్లన్న చేతిలో పెట్టాం. ‘‘రొమ్ము లేచేదాకా నొక్కు, వదిలెయ్, దిగాక మళ్లీ నొక్కు’’ అన్నాను. తెల్లారేసరికి అతని బొటనవేలి మొదట్లో పొక్కు లేచింది. రాత్రంతా అతను నోరు తెరిచింది ఒక్కసారే: ‘‘సార్, ఒంటికి పోయి రావచ్చా?’’ ఆ కాసేపు నేను నొక్కాను. మర్నాడు సాయంత్రానికి వెంటిలేటర్ దొరికింది. కుర్రాడు బతికాడు.

ఆ బ్యాగు కూడా 1956లో డెన్మార్క్‌లోనే పుట్టిందని చాలా ఏళ్లకు గానీ నాకు తెలియలేదు.

ఇప్పటి పిల్లల ఎండీ పట్టాల్లో టీబీ మాటే లేదు. రెస్పిరేటరీ మెడిసిన్ చదివి, ఆపైన క్రిటికల్ కేర్‌లో డీఎం చేస్తున్నారు. మా ఐసీయూలో మాత్రం ప్రతి వెంటిలేటర్ పక్కనా కొక్కేనికి ఒక ఆంబూ బ్యాగు వేలాడుతుంటుంది. మిషను మొరాయిస్తే ముందు చెయ్యి దాని మీదికే పోతుంది.