అంబోయినా ద్వీపపు ఎఱ్ఱ ఆకుల మొక్క

ఈ శతవార్షిక సంచికలో మన సంఘముల పుట్టుపూర్వోత్తరములను గూర్చి, మిషనెరీల సేవను గూర్చి వ్రాయుటకు పెద్దలు ఉన్నారు. మేము ఒక ఆకు మొక్కను గూర్చి, దానికి గీసిన బొమ్మను గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచినాము. ఇదేమి చరిత్ర అని కొందరు అనుకొనవచ్చును. చివరివరకు చదివినయెడల ఈ సంచికకును దీనికిని గల సంబంధము వారికే తెలియును.

మన దేవాలయముల ఆవరణలలోను, ఇండ్ల వరండాలలోను పెంచుకొను కుండీ మొక్కలలో పొడుగాటి ఎఱ్ఱని ఆకుల మొక్క ఒకటి ఉన్నది. కొందరు దానిని క్రోటన్ అని, కొందరు డ్రసీనా అని పిలుచుదురు. దాని పేరు టీ మొక్క. మనము త్రాగు తేయాకుతో దీనికి ఏ సంబంధమును లేదు. పసిఫిక్ మహాసముద్ర ద్వీపవాసులు తమ భాషలలో దానికి పెట్టుకొన్న పేరది. హవాయి వారు కీ అందురు. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు కార్డిలైన్ ఫ్రూటికోసా. నిటారుగా లేచిన సన్నని కాండము, దాని కొనను గుత్తిగా చుట్టుకొన్న మూరెడు ఆకులు, ఇదే దాని రూపము. పువ్వులు చిన్నవి, వాటికొరకు దానిని పెంచువారు అరుదు. అందమంతయు ఆకులోనే ఉన్నది. పచ్చనివి, ఎఱ్ఱనివి, ఊదా రంగువి, గులాబి చారలు గలవి అనేక రకములు ఉన్నవి.

మొక్కలను ఉన్నవి ఉన్నట్టుగా గీయుట ఒక ప్రత్యేకమైన కళ. ఆ కళలో సాధారణముగా పువ్వుకే పెద్దపీట. ఆకు మాత్రమే అందముగా నున్న మొక్కను గీయుట కష్టతరము. ఆకులు ఒకదానినొకటి కప్పుకొనును. ఈనెలు నడుమ నుండి అంచులవరకు ఏటవాలుగా సాగును. వంపు తప్పినచో బొమ్మలోని మొక్క వాడిపోయినట్లు అగుపడును. ఇటువంటి మొక్కను పుస్తకమునకు ఎక్కించిన మహానుభావుని జీవితము మనము తెలిసికొనదగినది.

ఆయన పేరు జార్జి ఎబర్‌హార్డ్ రంఫియస్. 1627లో జర్మనీ దేశమున జన్మించి, డచ్చి ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరి 1654లో అంబోయినా ద్వీపమునకు వచ్చినారు. ఇప్పుడు అది ఇండోనేషియాలోని అంబన్. లవంగములకు పేరుపొందిన చోటు. ఆ కంపెనీని మన తీరప్రాంతము వారు ఎరుగుదురు. మచిలీపట్నము, నిజాంపట్నము ప్రాంతములలో మన నేతవారు నేసిన బట్టలను కొని, ఓడలమీద ఆ ద్వీపములకు చేర్చి, వాటికి మారుగా లవంగములు తీసికొనిన కంపెనీ అదే.

రంఫియస్ గారు వర్తకపు లెక్కలు చూచుచునే, ఆ ద్వీపపు ప్రతి చెట్టును, తీగెను, గడ్డిని పరిశీలించి వ్రాయ మొదలుపెట్టినారు. 1670లో ఆయన కన్నులు పోయినవి. 1674లో వచ్చిన భూకంపములో భార్య సుసన్నయు, కుమార్తెయు మరణించినారు. ఆమె జ్ఞాపకార్థము ఒక తెల్లని అడవి పువ్వుకు సుసన్న పువ్వు అని పేరు పెట్టినారు. చూపులేని ఆయన చెప్పుచుండగా గుమాస్తాలు వ్రాసినారు. మొదట లాటిను భాషలో వ్రాసిన గ్రంథమును, వ్రాతగాండ్రకు సులభముగా నుండుటకై డచ్చి భాషలోనికి మార్చవలసి వచ్చినది. బొమ్మలు గీయుటలో కుమారుడు పౌలు సాయపడినాడు.

1687లో అంబోయినాలో అగ్నిప్రమాదము జరిగి, గ్రంథమునకై సిద్ధపరచిన బొమ్మలు కాలిపోయినవి. మరల గీయించినారు. 1692లో వ్రాతప్రతిలో మొదటి భాగమును హాలండుకు తీసికొనిపోవుచున్న ఓడను ఫ్రెంచివారు ముంచివేసినారు. అయితే బటావియాలో గవర్నరు జనరల్ కాంఫైస్ గారు, ఓడ ఎక్కించుటకు ముందే దానికి నకలు వ్రాయించి ఉంచినారు. ఆ నకలువలననే గ్రంథము బ్రదికినది. తీరా హాలండు చేరిన తరువాత, వర్తక రహస్యములు బయటపడునని కంపెనీవారు అచ్చువేయనీయలేదు. 1702లో రంఫియస్ గారు తన పుస్తకమును అచ్చులో తడిమియైనను చూడకయే కన్నుమూసినారు. 1741లో, అనగా 39 సంవత్సరముల తరువాత, ఆంస్టర్‌డాములో ప్రొఫెసరు బర్మన్ గారు దానిని ప్రకటింప నారంభించినారు. అదియే హెర్బేరియం అంబోయినెన్సె.

టీ మొక్క దాని నాలుగవ సంపుటములో ఉన్నది. అంబోయినా వారు పొలముల హద్దులయందు ఈ మొక్కను నాటుచుండిరి గనుక రంఫియస్ గారు దానికి టెర్మినాలిస్ అని పేరు పెట్టినారు. మన మాటలో పొలిమేర మొక్క. దూరమునుండి కనబడును, నరికిన ముక్కను నాటినను చిగురించును, గట్టుకు ఇంతకంటె మంచి గుర్తు ఏమున్నది? సరిహద్దు రాళ్లను గూర్చి మోషే ధర్మశాస్త్రములో ఆజ్ఞ ఉన్నదని మన సంఘస్థులకు తెలియును. అక్కడ రాయి చేసిన పనిని ఇక్కడ ఆకు చేసినది.

తెల్లది, ఎఱ్ఱది అని ఆయన రెండు రకములు చెప్పినారు. కాని రాగి రేకులమీద చెక్కి అచ్చువేసిన ఆ బొమ్మలలో రంగులు లేవు. నల్లని గీతలే. ఎఱుపు అంతయు మాటలలోనే ఉన్నది. ఆ మాటలు చూపు పోయిన వానివి. ఇది తలంచుకొనినప్పుడెల్ల మా హృదయము చలించును. స్వీడను దేశపు లిన్నేయస్ గారు అంబోయినా చూడకయే, ఈ గ్రంథమునుబట్టి 1754లో మొక్కకు శాస్త్రీయ నామము ఇచ్చినారు. తరువాతి శతాబ్దములో యూరపు ధనికులు అద్దపు ఇండ్లలో ఈ మొక్కలు పెంచినప్పుడు, వాటి ఆకులు రంగుల అచ్చుబొమ్మలలో వెలిగినవి.

హవాయిలోని పచ్చని రకము గింజ పట్టదు. పూర్వము పడవలమీద వచ్చినవారు కాండపు ముక్కలు వెంట తెచ్చి నాటినందుననే అది అక్కడ ఉన్నది. మొక్క ఒకరు నాటిన ముక్కవలన నిలిచినది. పుస్తకము ఒకరు వ్రాయించిన నకలువలన నిలిచినది.

ప్రియ సంఘస్థులారా, నూరేండ్ల పండుగ చేసికొను మన డయాసిసులో పాత బాప్తిస్మపు రిజిస్టరులు, పంచాయతీ మినిట్సు పుస్తకములు, మన తాతల చేతివ్రాతలు ఎన్నో బీరువాలలో చెదలకు ఆహారమగుచున్నవి. వాటిలో తప్ప మరెక్కడను పేరు మిగలని విశ్వాసులు ఉన్నారు. ప్రతి సంఘములోను ఇద్దరు యౌవనస్థులు కూర్చుండి, సంవత్సరమునకు ఒక్క పుస్తకమునకైనను నకలు తీసి వేరొక చోట భద్రపరచినయెడల, రాబోవు తరమువారు మనకు ఋణపడియుందురు. ఓడ మునుగక ముందే ఆ పని జరుగవలెనని మా మనవి.