మా ఇంటి యుద్ధం బండి

ఈ ఏడు పత్రికకు రాసేవాళ్ళందరినీ ఇంట్లో ఉన్న ఏదో ఒక పాత వస్తువు చరిత్ర రాయమని మా సాంఘిక శాస్త్రం మేష్టారు చెప్పారు. మా క్లాసులో ముగ్గురు ఇత్తడి బిందెల గురించి రాస్తున్నారు, ఒకడు వాళ్ళ అవ్వ తిరగలి గురించి. నాకు రాయడానికి ఉన్నది ఒక్కటే. మా ఇంటి వెనక రేకుల షెడ్డులో గోనెపట్టా కప్పుకొని తొమ్మిదేళ్ళకు పైగా కదలకుండా నిలబడ్డ మా తాత బుల్లెట్టు. ఉత్తర చెన్నైలో మేముండే వీధిలో దానికి పేరు ‘యుద్ధం బండి’.

తాత తిరువొత్తియూరులో లేత్ పట్టరలో టర్నరుగా పని చేసేవాడు. 1986లో చీటీ ఎత్తిన డబ్బుతో, సైన్యం వాడి పక్కన పెట్టిన బళ్ళ వేలంలో దీన్ని ఒక బ్రోకరు ద్వారా కొన్నాడు. “ఇది 65 యుద్ధంలో తిరిగిన బండి” అని ఆ బ్రోకరు చెప్పాడట. ఆ మాట తాత వీధంతా చెప్పాడు. మా నాన్న బడికి పోయింది దీని మీదే, మా అత్త పెళ్ళికి పూలు తెచ్చింది దీని మీదే. 2015 డిసెంబరు వరదల్లో మూడు రోజులు నీళ్ళలో మునిగింది. అప్పుడు నాకు అయిదేళ్ళు. నీళ్ళు తీసేశాక తాత కిక్కరు తొక్కితే కదల్లేదు. ఆ తర్వాత తాతకు మోకాలి నొప్పి వచ్చింది, బండికి గోనెపట్టా వచ్చింది.

పోయిన వేసవిలో పాత ఇనుము కొనేవాడు వచ్చి బండిని తూకానికి అడిగాడు. నాన్న ఇచ్చేద్దామన్నాడు. తాత ఏమీ అనలేదు గానీ ఆ రోజు మధ్యాహ్నం అన్నం తినలేదు. “ఈ ఒక్క సెలవులు ఆగండి, నేను తాత కలిసి బాగు చేస్తాం” అని నేనే అన్నాను. అనడం తేలిక.

ఇక్కడ కొంచెం అసలు చరిత్ర చెప్పాలి, లేకపోతే మేష్టారు మార్కులు తగ్గిస్తారు.

సైన్యానికి మోటారు సైకిలు ఎందుకు? టెలిఫోను తీగ తెగిపోయినా, వైర్‌లెస్ మాట శత్రువు వింటాడని భయం ఉన్నా, కాగితం మీద రాసిన ఆజ్ఞను మనిషే తీసుకుపోవాలి. మొదటి ప్రపంచ యుద్ధంలోనే గుర్రపు రౌతు చేసే ఈ పని మోటారు సైకిలు మనిషికి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌లో బీఎస్‌ఏ కంపెనీ ఎం20 అనే ఒక్క రకమే 1,26,000 దాకా తయారు చేసింది. రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ళు 125 సీసీ బుల్లి బండి ఒకటి చేశారు. దాని బరువు 60 కిలోల లోపే. ఇనుప చట్రంలో పెట్టి పారాచూట్‌తో విమానం నుంచి కిందికి దించేవాళ్ళు. దానికి ‘ఎగిరే ఈగ’ లాంటి పేరు పెట్టారు, అంటే ఫ్లయింగ్ ఫ్లీ. సరిగా చెప్పాలంటే ఫ్లీ అంటే ఈగ కాదు, గోమారి లాంటి పురుగు. ఈగ అంటేనే వినడానికి బాగుందని నేను మార్చలేదు.

ఈ కంపెనీ ఊరు ఇంగ్లండులో రెడ్డిచ్. 1901లో మొదటి మోటారు సైకిలు చేసింది. ఎన్‌ఫీల్డ్ అనే పేరు ప్రభుత్వ తుపాకుల కర్మాగారం ఉన్న ఊరి పేరు. ఆ కర్మాగారానికి విడి భాగాలు చేసిచ్చినందువల్ల ఆ పేరు వచ్చింది. బుల్లెట్ అనే పేరు 1932లో పెట్టారు. స్వాతంత్ర్యం వచ్చాక మన సైన్యానికి సరిహద్దుల్లో గస్తీ తిరగడానికి గట్టి బండి కావలసి వచ్చి, 350 సీసీ బుల్లెట్‌ను ఎంచుకున్నారు. మొదట్లో బళ్ళు ఓడల్లో ఇంగ్లండు నుంచే వచ్చాయి. తర్వాత 1955లో ఆ కంపెనీ, మద్రాస్ మోటార్స్ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టాయి. 1956లో తిరువొత్తియూరు కర్మాగారం మొదలైంది. ఆ ఏడాది తయారైనవి 163 బళ్ళే. మొదట విడి భాగాలు తెప్పించి బిగించేవాళ్ళు, 1960ల మొదట్లో బండి మొత్తం ఇక్కడే తయారయింది. రెడ్డిచ్‌లో కర్మాగారం 1967లో మూతపడింది. పుట్టిన ఊళ్ళో ఆగిపోయిన బండి మా ఇంటికి బస్సులో పోయేంత దూరంలో తయారవుతూనే ఉంది.

ఇక మా పని. మొదటి రోజే దెబ్బ తిన్నాం. నాన్న దగ్గరున్న కొత్త స్పానర్లు ఒక్కటీ సరిగా పట్టలేదు. 13 వదులు, 12 ఎక్కదు. తాత నవ్వి, మంచం కింద నుంచి నూనె గుడ్డలో చుట్టిన పాత స్పానర్లు తీశాడు. వాటి మీద మిల్లీమీటర్లు లేవు, అంగుళం భిన్నాలున్నాయి. ఈ బండి మరలు చాలావరకు విట్‌వర్త్ అనే బ్రిటిష్ కొలతవి. మన దేశం మెట్రిక్ కొలతలకు చట్టం చేసింది 1956లో. సరిగ్గా అదే ఏడు అంగుళాల బండి తిరువొత్తియూరులో మొదలైంది! చట్టం మారినా మరలు మారలేదన్నమాట. తాత మర విప్పేటప్పుడు ఎన్ని చుట్లో పైకి లెక్కపెడతాడు. పట్టరలో నలభై ఏళ్ళు అందరితో అరవంలో మాట్లాడినా, లెక్క మాత్రం ఒకటి, రెండు, మూడు అని తెలుగే.

ఇంజన్ లోపల పిస్టన్ తుప్పుతో సిలిండరుకు పట్టుకుపోయింది. స్పార్క్ ప్లగ్ తీసి ఆ కన్నంలో కిరసనాయిలు, ఇంజన్ ఆయిలు సగం సగం కలిపి పోశాం. రోజూ సాయంత్రం కొంచెం కొంచెం. పదకొండో రోజు హెడ్ విప్పి, చెక్కముక్క ఆనించి తాత చిన్నగా కొడితే ‘టక్’మని కదిలింది. మా నాయనమ్మ వంటింట్లోంచే “విరిగిందా?” అంది. (చేతులకు గోరింటాకు పెట్టుకునే వయసులో పిల్ల గ్రీజు పెట్టుకుంటోందని ఆమె బాధ ఆమెది.)

సిలిండరు లోపల నీళ్ళు నిలిచినచోట గాజు వేసినట్టు తుప్పు గీత ఉంది. పట్టరలో బోరింగు చేయించి, పుదుపేటలో ఒక సైజు పెద్ద పిస్టను, రింగులు, క్లచ్ ప్లేట్లు, కేబుళ్ళు కొన్నాం. పుదుపేట గురించే ఒక వ్యాసం రాయొచ్చు, అంత పాత ఇనుము ఒక్కచోట నేనెప్పుడూ చూడలేదు. ఇక్కడ నాకు లెక్కల పాఠం పనికొచ్చింది. ఈ ఇంజన్ సిలిండరు అడ్డం 70 మిల్లీమీటర్లు, పిస్టన్ నడిచే దూరం 90 మిల్లీమీటర్లు. స్తూపం ఘనపరిమాణం సూత్రంలో 22/7 × 3.5 × 3.5 × 9 వేస్తే 346.5 వచ్చింది. కంపెనీ చెప్పేది 346. బోరింగు తర్వాత అడ్డం 70.5 అయింది గనక మళ్ళీ వేస్తే 351 దాటింది. “పేరుకు 350, ఇప్పుడు నిజంగానే 350” అన్నాడు తాత.

పెట్రోలు ట్యాంకులో వెనిగరు పోసి రెండు రోజులుంచి, గుప్పెడు నట్లు వేసి వంతులవారీగా ఊపాం. బయటికి వచ్చిన నీళ్ళు టీ డికాషన్ రంగు. పాయింట్లు రుద్ది 0.38 మిల్లీమీటర్ల సందు పెట్టాం. ట్యాపెట్లు బిగించడం తాత నాచేతనే చేయించాడు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, పుష్‌రాడ్‌ను రెండు వేళ్ళతో తిప్పితే తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. “వేళ్ళకు తెలుస్తుంది, కళ్ళకు తెలియదు” అన్నాడు. నాకు తెలియడానికి ఒక సాయంత్రం పట్టింది.

అసలు కథ రంగు దగ్గర మొదలైంది. పైన ఎరుపు. అది మా నాన్న కాలేజీ రోజుల్లో సరదా పడి వేయించింది. నీళ్ళ ఎమెరీ కాగితంతో రుద్దితే కింద నలుపు. వేలంలో కొన్న వారంలోనే తాత వేయించింది అది, ఆర్‌సీ పుస్తకంలోనూ రంగు నలుపనే ఉంది. ఇంకా రుద్దితే ఆలివ్ పచ్చ. నాకు ఒళ్ళు జలదరించింది. ముందు మడ్‌గార్డు మీద ఇంకా మెల్లగా రుద్దాను. పచ్చ మీద తెల్లగా ఏదో కనబడింది. పైకి చూపే బాణం.

సైన్యం బళ్ళ నంబరు మన నంబర్ల లాగా రాష్ట్రం అక్షరాలతో మొదలవదు. మొదట పైకి చూపే బాణం ఉంటుంది, దాని పక్కన రెండంకెలు. ఆ రెండంకెలు సైన్యం ఆ బండిని తీసుకున్న సంవత్సరం. బాణం పక్కన మా మడ్‌గార్డు మీద ఉన్న మొదటి అంకె 7. స్పష్టంగా 7. రెండో అంకె ఉన్నచోట తుప్పు తినేసింది, కింద సగం నిలువు గీత మాత్రం మిగిలింది. అది 1 కావచ్చు, 7 కావచ్చు, 4 కూడా కావచ్చు. టార్చిలైటు పక్కనుంచి వేసి చూశాను, భూతద్దం పెట్టి చూశాను. అంతకు మించి కనబడలేదు.

ఏదైనా సరే, 6 మాత్రం కాదు. 65లో ఈ బండి సైన్యంలో లేదు.

రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఇంకో మాట కూడా దాచకుండా రాస్తాను. రెండో అంకె 1 అని రాసేద్దామని నాకే అనిపించింది. 71 అయితే ఆ ఏడు డిసెంబరులోనూ యుద్ధం జరిగింది, మనం గెలిచాం, వ్యాసం బాగుంటుంది, తాత ‘యుద్ధం బండి’ అనే పేరూ నిలుస్తుంది. నాన్నతో అంటే ఆయన, “అదే రాయి, మడ్‌గార్డు చూడ్డానికి ఎవరొస్తారు?” అన్నాడు. మేష్టారిని అడిగాను. ఆయన వేరే ప్రశ్న వేశారు. “ఆ మడ్‌గార్డు ఈ బండిదేనని ఏమిటి ఆధారం? వర్క్‌షాపులో ఇంకో బండిది తెచ్చి బిగించి ఉండొచ్చు కదా?” నేనది ఆలోచించనే లేదు. ట్యాంకు మీద, టూల్ బాక్సు లోపల కూడా అదే పచ్చ ఉంది గనక బండి సైన్యానిదే అని మాత్రం చెప్పగలను. మడ్‌గార్డు సంగతి ఒట్టు పెట్టి చెప్పలేను. అయినా బ్రోకరు నోటిమాట ఒకవైపు, ఇనుము మీద అంకె ఒకవైపు ఉంటే, నేను అంకెనే నమ్ముతాను. బ్రోకరు బండి అమ్ముకోవాలి. మడ్‌గార్డుకు అమ్ముకునే పని లేదు.

తాతకు చూపించాను. కళ్ళజోడు తుడుచుకొని చాలాసేపు చూశాడు. “ముప్పై తొమ్మిదేళ్ళు నేను చెప్పింది అబద్ధమా?” అన్నాడు. “నువ్వు చెప్పలేదు తాతా, నీకు చెప్పారు” అన్నాను. ఆయన లేచి లోపలికి వెళ్ళిపోయాడు. ఆ రోజు పని జరగలేదు. మర్నాడు కూడా జరగలేదు. చూపించకుండా ఉండాల్సిందేమో అని నాకు ఏడుపొచ్చింది.

మూడో రోజు పొద్దున్నే తాతే షెడ్డులో ఉన్నాడు. బాణం మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిలుతో నకలు తీస్తున్నాడు.

పచ్చ రంగే మళ్ళీ వేయిద్దామని నేను ఆశపడ్డాను. పెయింటరు ఒప్పుకోలేదు. నాన్న వెతికి చూస్తే ఆయన చెప్పింది నిజమే. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం, రక్షణ శాఖవి కాని బళ్ళకు ఆలివ్ పచ్చ వేయకూడదు. దొరికిన చరిత్రను మళ్ళీ మనమే కప్పెయ్యాలన్నమాట. అందుకని ఆర్‌సీలో ఉన్నట్టే నలుపు వేయించాం. మడ్‌గార్డు ఫోటోలు తీసి, తాత తీసిన నకలుతో పాటు ఆర్‌సీ కవరులో పెట్టాం. టూల్ బాక్సు లోపల మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. అక్కడ పచ్చ అలాగే ఉంది.

స్టార్టు చేసిన రోజు ఆదివారం. బుల్లెట్టును ఊరికే తొక్కితే వెనక్కి తంతుంది. తాళం తిప్పి, ఆంపియర్ మీటరు ముల్లు చూస్తూ కిక్కరు మెల్లగా నొక్కాలి. ముల్లు మధ్యకు వచ్చినచోట ఆగి, డీకంప్రెషర్ లీవరు పట్టి ఇంకొంచెం దించి, లీవరు వదిలి, అప్పుడు ఒక్క తొక్కు. నాన్న తొక్కాడు, తాత ముల్లు చూసి చెప్పాడు, నా పని పక్కన నిలబడడం. ఎనిమిదిసార్లు ఏమీ లేదు. తొమ్మిదోసారి పొగ, దగ్గు. పన్నెండోసారి అందుకుంది. డుగ్గు, డుగ్గు, డుగ్గు అని రేకులు అదిరాయి. ఆర్‌సీ పునరుద్ధరణ ఇంకా కాలేదు గనక రోడ్డు మీదికి తీయలేదు, నాకు లైసెన్సు వయసూ రాలేదు. షెడ్డులోనే పావుగంట నడిచింది.

ఆ చప్పుడుకు ఎదురింటి పెద్దాయన గోడ మీంచి తొంగి చూసి, “ఏమన్నా, యుద్ధం బండి లేచిందా!” అని అరిచాడు.

తాత ఇంజన్ ఆపి, చేతులు తుడుచుకున్నాడు. “యుద్ధం సంగతి తెలియదు తమ్ముడూ,” అన్నాడు. “సైన్యం బండి. డెబ్బైలలోది. రా, బాణం చూపిస్తా.”