నాడీకణముల మరణము – ఎంజైముల పాత్ర

కోనసీమలో అప్పనపల్లి రేవున నిలిచి వైనతేయ నదిని చూచువారికి, పడమట వసిష్ఠను దాటినచో భీమవరము ఎంతో దూరము కాదని తెలియును. 1895లో ఆ భీమవరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు పేరు మన ప్రాంతమువారికి క్రొత్తది కాదు. అయినను ఆయన పరిశోధనకును, తరతరములుగా కుటుంబములను వెంటాడు ఒక నాడీవ్యాధికిని గల సంబంధము పలువురకు తెలియదు. దానినే ఇచట మనవి చేయుచున్నాము.

ఆ వ్యాధిని 1872లో అమెరికా యువవైద్యుడు జార్జి హంటింగ్టన్ వర్ణించెను. ఆయన తండ్రియు తాతయు లాంగ్ ఐలండ్‌లో వైద్యులగుటచే, ఒకే వంశమునందలి పలు తరముల రోగులను గూర్చి ఆయనకు తెలిసినది. సాధారణముగా నడివయస్సున కాలుసేతులు తమంత తామే కదలాడజొచ్చును. క్రమముగా బుద్ధియు క్షీణించును. తల్లిదండ్రులలో ఒక్కరికి ఉన్నను చాలును, ప్రతి బిడ్డకును అది సంక్రమించుటకు సగము అవకాశము గలదు. కారణమైన జన్యువు 1993లో దొరకినది.

సుబ్బారావు హార్వర్డులో ఫిస్కేతో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఎ.టి.పి.ని కండరములందు కనుగొనెను. (జర్మనీలో లోమన్ కూడ అదే యేట రెండవదానిని కనుగొనెను.) ఎ.టి.పి. కణము చేతిలోని రొక్కమైనచో, ఫాస్ఫోక్రియాటిన్ గాదెలోని ధాన్యము. అవసరమైనపుడు ఆ ధాన్యమును రొక్కముగా మార్చునది క్రియాటిన్ కైనేజ్ అను ఎంజైము. హంటింగ్టన్ రోగుల మెదడులో శక్తి కొఱవడుచున్నదని గ్రహించిన వైద్యులు, క్రియాటిన్‌ను ఇచ్చి గాదెను నింపవచ్చునని తలచిరి. 553 మందిని చేర్చుకొని, వారిలో కొందరికి దినమునకు 40 గ్రాముల వరకు ఇచ్చి చూచిరి. ప్రయోజనము కానరాక 2014లో ఆ పరీక్షను నిలిపివేసిరి. ఆశపెట్టుకొన్న కుటుంబములను తలచుకొన్నపుడు ఈ ఒక్క వాక్యము వ్రాయుటయే మాకు కష్టమైనది.

శక్తి చాలమి ఒక్కటియే కారణము కానిచో, కణము చచ్చుట యెట్లు? దీనికి ఒక జాడ విచిత్రముగా నులిపురుగునుండి లభించెను. కంటికి ఆనీ ఆనని ఒక నులిపురుగు పెరుగునపుడు దానిలో 131 కణములు నియమము తప్పక చచ్చును. ఈ మరణమునకు కావలసిన జన్యువు, మాంసకృత్తులను కోయు ఎంజైమును తయారుచేయునదని 1993లో యువాన్, హార్విట్జ్ మున్నగువారు చూపిరి. మానవులలోని అట్టి ఎంజైములే కాస్పేజులు. ఇవి ఒరలోని కత్తులవలె మన కణములలో నిద్రాణమై యుండును.

హంటింగ్టిన్ అను మాంసకృత్తును కాస్పేజ్-6 కోయజాలని విధముగా 2006లో వాంకూవరు శాస్త్రజ్ఞులు చిట్టెలుకల జన్యువును మార్చగా, వాని నాడీకణములు నిలిచినవి. అది సామాన్యమైన ఫలితము కాదు. కాని కొన్నియేండ్లకు, కాస్పేజ్-6 బొత్తిగా లేని ఎలుకలలోను ఆ మాంసకృత్తు తునక కానవచ్చెను. ఒక కత్తిని లాగికొన్నను మరియొకటి అచటనే కోయుచున్నదన్నమాట! ఏ ఎంజైమును అడ్డుకొనవలెనను ప్రశ్న దానితో మరల మొదటికి వచ్చెను.