క్యారెట్, బొప్పాయి: కంటిచూపు చరిత్రలో ఒక తూకం

కంటిచూపుకు ఏది మేలని అడిగితే మనలో నూటికి తొంభై మంది క్యారెట్ పేరే చెబుతారు. పెరట్లో కాసే బొప్పాయి ఎవరికీ గుర్తుకు రాదు. క్యారెట్‌కు ఈ ప్రతిష్ఠ ఎలా వచ్చింది? అందులో శాస్త్రమెంత, ప్రచారమెంత? ఈ ప్రశ్నలకు జవాబు చరిత్రలోనే ఉంది. పసిపిల్లల చూపుతో ముడిపడిన విషయం కనుక దీనిని ఓపికగా చదవవలసిందిగా మనవి.

రెండూ పరాయి నేల నుంచి వచ్చినవే

క్యారెట్ పుట్టిల్లు ఆఫ్ఘనిస్తాన్, పర్షియా పరిసర ప్రాంతం. మొదట్లో అది ఊదా, పసుపు రంగుల్లో ఉండేది. నేడు మనం చూసే నారింజ రంగు క్యారెట్ ఐరోపాలో తర్వాతి శతాబ్దాల్లో స్థిరపడింది. బొప్పాయి మధ్య అమెరికా పండు. 16వ శతాబ్దంలో ఐరోపా నావికుల ద్వారా ఆసియాకు చేరి, మన పల్లెల్లో బావిగట్టున, వాడుకనీరు పారేచోట ఏ సేద్యమూ లేకుండా పెరిగే చెట్టయింది. క్యారెట్‌ను కొనుక్కోవాలి, బొప్పాయి చాలాచోట్ల ఇంట్లోనే దొరుకుతుంది. ఈ తేడాను గుర్తుంచుకోండి.

పేరు క్యారెట్‌కు ఎలా దక్కింది?

1831లో వాకెన్‌రోడర్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త క్యారెట్ నుంచి ఒక వర్ణద్రవ్యాన్ని వేరుచేసి, ఆ దుంప పేరుమీదుగానే దానికి కెరోటిన్ అని పేరుపెట్టాడు. 1913లో అమెరికాలో మెక్‌కాలమ్, మార్గరైట్ డేవిస్‌లు వెన్నలోను, గుడ్డు పచ్చసొనలోను ఎదుగుదలకు అత్యవసరమైన ఒక పదార్థం ఉన్నదని కనుగొన్నారు. అదే విటమిన్ 'ఎ'. కెరోటిన్ శరీరంలో విటమిన్ 'ఎ'గా మారుతుందని 1930లో థామస్ మూర్ ఎలుకలపై ప్రయోగాలతో నిరూపించాడు. ఆ తర్వాత జార్జ్ వాల్డ్ కంటి రెటీనాలో ఈ విటమిన్‌ను గుర్తించి, మసక వెలుతురులో చూపుకు అది ఎలా తోడ్పడుతుందో వివరించాడు. అందుకు 1967లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

ఇంతవరకు శాస్త్రం. ప్రచారం రెండవ ప్రపంచయుద్ధంతో మొదలైంది. రాత్రివేళ జర్మన్ విమానాలను కూల్చిన జాన్ కన్నింగ్‌హామ్ వంటి బ్రిటిష్ పైలట్ల చూపుకు క్యారెట్లే కారణమని నాడు పత్రికలు రాశాయి. వారికి అసలు తోడ్పడినది విమానాల్లో అమర్చిన రాడార్. కొరతకాలంలో సమృద్ధిగా పండిన క్యారెట్‌ను ప్రజలచేత తినిపించడానికి కూడా ఆ కథ పనికివచ్చింది. యుద్ధం ముగిసినా కథ మిగిలింది. క్యారెట్ తింటే కళ్లద్దాలు పోతాయని నేటికీ నమ్మేవారున్నారు. అది నిజం కాదు. విటమిన్ 'ఎ' లోపం వల్ల వచ్చిన రేచీకటి విటమిన్‌తో తగ్గుతుంది. కంటి ఆకృతి వల్ల వచ్చిన దూరదృష్టి, హ్రస్వదృష్టి దోషాలు తగ్గవు.

మన దేశంలో ఇది కథ కాదు

మన దేశంలో విటమిన్ 'ఎ' లోపం చాలాకాలం పసిపిల్లల కళ్లను బలిగొన్నది. తొలుత రేచీకటి, ఆపై తెల్లగుడ్డు మీద నురగవంటి మచ్చలు, చివరకు నల్లగుడ్డు కరిగి శాశ్వత అంధత్వం. తట్టు, విరేచనాలు తోడైతే ఈ చివరి దశ రోజుల్లోనే రావచ్చు. సంధ్యవేళ తల్లి చేయి వదలని పిల్లవాడిని 'భయస్థుడు' అని ఇంటివారు అనుకునేవారు. వాడికి చూపు ఆనడం లేదని తెలిసేసరికి ఒక్కోసారి ఆలస్యమైపోయేది. నా తరం ప్రభుత్వ వైద్యులకు ఇది పుస్తకాల్లోని జబ్బు కాదు, వార్డులో చూసిన జబ్బు.

కూనూరులో మెక్‌కారిసన్ మొదలుపెట్టిన పోషకాహార పరిశోధన 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. అదే నేటి జాతీయ పోషకాహార సంస్థ. పిల్లలకు 6 నెలలకొకసారి 2 లక్షల యూనిట్ల విటమిన్ 'ఎ' మోతాదు ఇచ్చే జాతీయ కార్యక్రమం 1970లో ఆరంభమైంది. నేడు 9వ నెలలో 1 లక్ష యూనిట్లతో మొదలుపెట్టి 5 ఏళ్లు నిండేదాకా ఇస్తారు.

పట్టికలో ఉన్నది, ఒంటికి పట్టేది

ఇప్పుడు తూకానికి వద్దాం. అమెరికా వ్యవసాయశాఖ పట్టిక ప్రకారం 100 గ్రాముల పచ్చి క్యారెట్‌లో సుమారు 835 మైక్రోగ్రాముల విటమిన్ 'ఎ'కు సమానమైన పదార్థం ఉంటుంది. అంతే బరువు బొప్పాయి పండులో సుమారు 47 మాత్రమే. విటమిన్ 'సి' విషయంలో లెక్క తారుమారు: క్యారెట్‌లో 6 మిల్లీగ్రాములు, బొప్పాయిలో 61. పీచు క్యారెట్‌లో కొంత ఎక్కువ. కాలరీలు రెండింటిలోనూ దాదాపు సమానం, 40కి కాస్త పైన.

అయితే పట్టికలో ఉన్నదంతా ఒంటికి పట్టదు. ఈ సంగతి ఇండోనేషియాలో తేటతెల్లమైంది. 1998లో ప్రచురితమైన అధ్యయనంలో అక్కడి బడిపిల్లల్లో కొందరికి ఆకుకూరలు, క్యారెట్ పెట్టారు; మరికొందరికి మామిడి, బొప్పాయి వంటి పసుపు, నారింజ రంగు ఫలాలు పెట్టారు. 1 మైక్రోగ్రాము విటమిన్ 'ఎ' రావడానికి ఫలాల నుంచైతే 12 మైక్రోగ్రాముల కెరోటిన్ సరిపోయింది. ఆకుకూరలు, క్యారెట్ నుంచైతే 26 కావలసివచ్చింది. 2014లో క్యారెట్‌ను, బొప్పాయిని నేరుగా పోల్చిన మరో అధ్యయనంలో బొప్పాయిలోని బీటా కెరోటిన్ సుమారు 3 రెట్లు ఎక్కువగా రక్తంలోకి చేరింది.

కారణం సులభమే. పచ్చి క్యారెట్‌లో కెరోటిన్ గట్టి కణకవచాల మధ్య స్ఫటికాల రూపంలో బంధితమై ఉంటుంది. పండిన బొప్పాయి గుజ్జులో అది అంత బిగువుగా ఉండదు.

మరి గెలుపు బొప్పాయిదేనా? కాదు. 3 రెట్ల లాభం కలిపి లెక్కించినా తూకంలో క్యారెట్టే ముందుంటుంది. అంతరం మాత్రం బాగా తగ్గుతుంది. పైగా పసివాడు 100 గ్రాముల క్యారెట్ నమలలేడు, బొప్పాయి ముక్కలు ఇష్టంగా తింటాడు. ఆహారపు విలువను పట్టికతో పాటు కంచం కూడా నిర్ణయిస్తుంది.

మీరు చేయవలసినది

క్యారెట్‌ను ఉడికించి, కొద్దిగా నూనెతోనో నెయ్యితోనో వండండి. కెరోటిన్ కొవ్వులోనే కరుగుతుంది. ఆరు నెలలు నిండిన బిడ్డకు పండిన బొప్పాయిని మెత్తగా చిదిమి పెట్టవచ్చు. పెద్దలు పప్పన్నం తిన్న వెంటనే బొప్పాయి తింటే అందులోని విటమిన్ 'సి' వల్ల భోజనంలోని ఇనుము మెరుగ్గా ఒంటబడుతుంది. మునగాకును, తోటకూరను, గుడ్డును మరవకండి.

బిడ్డకు ఇవ్వవలసిన విటమిన్ 'ఎ' మోతాదులను తప్పనివ్వకండి. వైద్యుడు చెప్పనిదే అదనపు మాత్రలు మాత్రం వద్దు. విటమిన్ 'ఎ' మితిమీరితే, ముఖ్యంగా గర్భిణులకు, హాని కలుగుతుంది. చీకటి పడగానే మీ ఇంటి పిల్లవాడు తడుముకుంటూ నడిస్తే క్యారెట్లు కొనడానికి బజారుకు వెళ్లకండి. ఆ రోజే వైద్యుని వద్దకు తీసుకువెళ్లండి. ఆ దశలో పండూ దుంపా చేయలేని పనిని సకాలంలో పడిన ఒక్క మోతాదు చేస్తుంది.